నొప్పి తగ్గింది సరే, ఎముక సంగతేమిటి?

మల్కాజిగిరి ప్రాంతం నుంచి ఒక ఉపాధ్యాయిని వివరంగా ఉత్తరం రాశారు. ఆమెకు 54 ఏళ్లు. 47వ ఏట ముట్లు ఆగిపోయాయి. రెండేళ్లుగా నడుము నొప్పి వేధిస్తుండడంతో ఈ మధ్య ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించుకుంటే ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ రాశారు. ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకతో పోల్చి చెప్పే టీ స్కోరు వెన్నెముక దగ్గర మైనస్ 2.7, తుంటి దగ్గర మైనస్ 2.1 వచ్చాయి, మైనస్ 2.5కు, అంతకన్నా కిందకు దిగితే ఎముక గుల్లబారినట్టు లెక్క. ఎముకలు గుల్లబారాయని చెప్పి, వారానికొకసారి వేసుకునే అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర, రోజూ కాల్షియం, వారానికొక విటమిన్ డి క్యాప్సూల్ రాసిచ్చారు. బయట ఇంకా పాతిక మంది ఎదురుచూస్తుంటే ఏమీ అడగలేకపోయానని ఆమె అంటున్నారు. మాత్ర వేసుకున్న రోజు గుండెల్లో మంట, ఛాతీ పట్టేసినట్టు ఉండేదట. "తెల్లవారుజామున లేచి మాత్ర మింగి, మళ్లీ కాసేపు నడుం వాల్చేదాన్ని, లేచేసరికి మంట మొదలయ్యేది" అని రాశారు. ఆపైన ఈ మందు వల్ల దవడ ఎముక కుళ్లిపోతుందని ఒక వీడియోలో విని, ఐదు వారాలకే మానేశారు.

అదే సమయంలో కూకట్‌పల్లిలో ఉండే ఆడపడుచు ఆమెను తాను వెళ్లే ఆక్యుపంక్చర్ కేంద్రానికి తీసుకువెళ్లారు. "మీ కిడ్నీ శక్తి క్షీణించింది, అందుకే ఎముకలు అరిగాయి" అని అక్కడి వైద్యుడు అనడంతో హడలిపోయి మర్నాడే మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకున్నారు. అది మామూలుగానే ఉంది. నడుముకు రెండువైపులా, మోకాలి కింద, చీలమండ పక్కన సూదులు పెడుతున్నారు. చైనా మూలికలంటూ పేరు రాయని పొట్లాల్లో ఒక పొడి ఇచ్చి, రోజుకు రెండుసార్లు వేడినీళ్లలో కలుపుకుని తాగమన్నారు. నెల తిరిగేసరికి నడుము నొప్పి సగానికి తగ్గింది, ఒంట్లోంచి వచ్చే ఆవిర్లు తగ్గాయి, నిద్ర పడుతోంది. 30 సిట్టింగులు పూర్తయితే ఎముక మళ్లీ గట్టిపడుతుందనీ, ఇంగ్లీషు మాత్రల జోలికి పోవద్దనీ ఆయన గట్టిగా చెప్పారు. ఆ 30 సిట్టింగులకూ కలిపి 18 వేల రూపాయలు ఆడపడుచే ముందుగా కట్టేశారు.

భర్త ఇంట్లో "చైనా సరుకుకు గ్యారంటీ ఏముంటుంది" అని ఎగతాళి చేస్తారు, అక్కగారి ఎదుట మాత్రం నోరు మెదపరు. డాలస్‌లో ఉన్న కూతురు ఫోను చేసినప్పుడల్లా మాత్ర వేసుకోమని పోట్లాడుతుంది. ఈమె తల్లి 71వ ఏట బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుని, మంచం పట్టి, ఏడాది తిరగకుండానే పోయారు. ఆ భయం ఉత్తరమంతా పరుచుకుని ఉంది. పన్నెండేళ్లుగా థైరాయిడ్ మాత్ర వాడుతున్నారు. ఉత్తరం చివర్లో, విషయానికి సంబంధం లేదన్నట్టుగా, ఇంకో మాట రాశారు: వేసవిలో వచ్చిన కూతురు పక్కన నిలబడి ఫొటో దిగుతూ "అమ్మా, నువ్వేంటి పొట్టిదానివైపోయావు" అని నవ్విందట. సూదులతో ఎముక నిజంగా గట్టిపడుతుందా, రెండు వైద్యాలూ కలిపి చేయించుకోవచ్చా, మానేయాల్సి వస్తే వదినకు ఏమని చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

మీరు తేలిగ్గా రాసిన ఆ ఫొటో సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది అదే. ఎముకలు గుల్లబారిన స్త్రీలలో వెన్నుపూస ఒక్కోసారి పెద్ద దెబ్బేమీ తగలకుండానే, బియ్యం బస్తా జరిపినప్పుడో నిండు బకెట్ ఎత్తినప్పుడో, నలిగి కుదించుకుపోతుంది. ఇలా నలిగినవాటిలో చాలా భాగం ఎవరి దృష్టికీ రావు. మనిషి ఎత్తు తగ్గుతుంది, వీపు కొంచెం ముందుకు వంగుతుంది, నడుము నొప్పి వస్తుంది, దాన్ని వయసు ఖాతాలోనో గంటల తరబడి తరగతిలో నిలబడిన ఖాతాలోనో వేసి ఊరుకుంటాం. వయసులో ఉన్నప్పటి ఎత్తుకన్నా నాలుగు సెంటీమీటర్లు తగ్గితే వెన్నెముకకు ఎక్స్‌రే తీయించి చూడడం వైద్యుల పద్ధతి. మీ పాత ఎత్తు బీమా పాలసీ తీసుకున్నప్పటి వైద్య పరీక్ష కాగితంలోనో, ఉద్యోగంలో చేరినప్పటి కాగితాల్లోనో ఉండవచ్చు. అది దొరికినా దొరకకపోయినా, రెండేళ్ల నడుము నొప్పీ మైనస్ 2.7 స్కోరూ ఉన్నాయి కాబట్టి, పక్కనుంచి తీసే వెన్ను ఎక్స్‌రే కావాలని మీరే అడగండి. ఒక పూస నలిగిందని తేలితే నేను ఇక్కడ చెప్పబోయే చాలా విషయాల బరువు మారిపోతుంది. మందు మానేసి ఎదురుచూసే వెసులుబాటు ఉండదు, ఇప్పుడు రాసినదానికన్నా బలమైన మందు అవసరం కావచ్చు. నడుము మీద బలంగా ఒత్తే మర్దనలు, ఎముకలు టకటకలాడేలా తిప్పే చికిత్సలు, బాగా ముందుకు వంగే ఆసనాలు మీకు పనికిరావు. సూదులతో పాటు మర్దన కూడా చేస్తున్నారో లేదో మీరు రాయలేదు. చేస్తుంటే ఎక్స్‌రే చూసేదాకా వద్దని చెప్పండి.

ఇక అసలు ప్రశ్న. నొప్పి, ఎముక బలం అనే రెండు వేర్వేరు సంగతులు మీ మనసులో ఒకటైపోయాయి, ఆ కేంద్రంలో వాటిని ఇంకా గట్టిగా ముడివేశారు. ఎముక గుల్లబారడం దానంతటది నొప్పి పుట్టించదు. చెదపట్టిన దూలం పైకి నిక్షేపంగా కనిపించినట్టే, విరిగేదాకా మనిషికి ఏమీ తెలియదు. అందువల్ల నొప్పి తగ్గింది కాబట్టి ఎముక గట్టిపడుతోంది అనుకోవడానికి ఆధారం లేదు. మీ నొప్పి కండరాలది కావచ్చు, డిస్కుది కావచ్చు, నలిగిన పూసది కావచ్చు. అది సగానికి తగ్గిందన్న మీ మాటను నేను పూర్తిగా నమ్ముతున్నాను, మీవారిలా నవ్వి తీసిపారేయను. కానీ ఆ ఉపశమనానికీ మీ టీ స్కోరుకూ సంబంధం లేదు.

దీర్ఘకాలిక నొప్పులకు ఆక్యుపంక్చర్ పనికొస్తుందా అన్నదాని మీద చెప్పుకోదగిన పరిశోధనే జరిగింది. నడుము, మెడ, భుజం, మోకాళ్ల నొప్పులు, తలనొప్పులు ఉన్న 20 వేలకు పైగా మంది వివరాలను ఒకచోట చేర్చి 2018లో ప్రచురించిన విశ్లేషణలో, అసలు సూదులు పెట్టించుకున్నవారికి ఉత్తుత్తి సూదులవారికన్నా కొద్దిగా, ఏ సూదులూ పెట్టించుకోనివారికన్నా బాగా ఎక్కువ ఉపశమనం కనిపించింది. ఆవిర్ల సంగతి వేరు. 2016లో వెలువడిన ఆస్ట్రేలియా పరీక్షలో 327 మంది స్త్రీలను రెండు జట్లు చేసి చూస్తే, అసలు సూదుల జట్టులోనూ చర్మంలోకి దిగని మొద్దు సూదుల జట్టులోనూ ఆవిర్లు దాదాపు సమానంగా, 40 శాతం దాకా తగ్గాయి. అంటే ప్రశాంతంగా పడుకోవడానికీ, ఒక మనిషి నాడి పట్టుకుని మీ బాధ ఓపికగా వినడానికీ, కాలం గడవడానికీ ఆ ఫలితంలో పెద్ద వాటాయే ఉంది. మూడు నిమిషాల్లో చీటీ రాసిచ్చిన చోటు నుంచి మీరు ఆ కేంద్రానికి వెళ్లారు కాబట్టి అక్కడ ప్రాణం కుదుటపడడంలో నాకు ఆశ్చర్యం లేదు. నడుము నొప్పి కోసమే అయితే, శుభ్రమైన సూదులతో, మీ డాక్టరుకు తెలిసి, మిగిలిన సిట్టింగులు చేయించుకోవడానికి నాకు అభ్యంతరం కనిపించదు.

ఎముక బలానికి మాత్రం ఇదే మాట చెప్పలేను. మన ఎముకల్లో పాతది కరగడం, కొత్తది కట్టుకోవడం జీవితమంతా సాగుతూనే ఉంటాయి. కరిగించే కణాలను అదుపులో పెట్టేది ఈస్ట్రోజెన్. ముట్లు ఆగాక అది పడిపోతుంది, దాంతో కరగడం ముందుకు దూకి కట్టడం వెనకబడుతుంది. ఈ నష్టం మొదటి ఐదు నుంచి ఏడేళ్లలో చాలా వేగంగా జరుగుతుంది, మీరు సరిగ్గా ఆ కాలాన్ని దాటివచ్చారు. మన దేశపు స్త్రీలకు సగటున 46, 47 ఏళ్లకే ముట్లు ఆగుతాయి, పాశ్చాత్య దేశాల్లో అది 51 దాకా ఉంటుంది. అంటే మనకు ఆ నష్టం నాలుగైదేళ్లు ముందే మొదలవుతోంది. సూదులతో ఈ ప్రక్రియను వెనక్కి తిప్పవచ్చా అని ప్రధానంగా చైనాలో కొన్ని చిన్న పరీక్షలు జరిగాయి. కొన్నిటిలో ఎముక సాంద్రత కాస్త మెరుగైందని రాశారు కానీ, చాలావాటిలో మందుల మీద అదనంగా సూదులు పెట్టారు, కొద్ది నెలలే చూశారు. ఎముకలు విరగడం తగ్గిందని ఏ ఒక్కటీ నమ్మదగిన రీతిలో చూపించలేదు. మీకు కావలసింది అదే కదా, అమ్మకు జరిగింది మీకు జరగకుండా ఉండడం. ఇంకో చిక్కు కూడా ఉంది. డెక్సా స్కాన్‌లో నిజమైన మార్పు తెలియాలంటే మామూలుగా ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. మూడు నాలుగు నెలల్లో ముగిసే 30 సిట్టింగులకు ఎముక గట్టిపడిందని ఎవరూ కొలిచి చూపించలేరు. ఆ హామీ ఇచ్చినాయనకు కూడా అది తెలిసే ఉండాలి.

మిమ్మల్ని భయపెట్టిన కిడ్నీ మాట గురించి కొంచెం చెప్పాలి. చైనా సంప్రదాయ వైద్యంలో మూత్రపిండమంటే మనం స్కానింగులో చూసే అవయవం ఒక్కటే కాదు. ఎదుగుదల, సంతానశక్తి, ఎముక, మజ్జ అన్నీ దాని అధీనంలోనివని ఆ శాస్త్రం భావిస్తుంది. సుమారు రెండు వేల ఏళ్ల నాటి హువాంగ్‌దీ నేయ్‌జింగ్ అనే గ్రంథం స్త్రీ జీవితాన్ని ఏడేసి ఏళ్ల దశలుగా విడగొట్టి, 14వ ఏట ముట్లు మొదలవుతాయనీ 49వ ఏట ఆగుతాయనీ చెప్పి, దాన్ని మూత్రపిండాల శక్తికి ముడిపెట్టింది. హార్మోన్ల ఊసే తెలియని కాలంలో అది తేలికైన పరిశీలన కాదు. మీకు సూదులు పెడుతున్న చోట్లు కూడా ఆ లెక్క ప్రకారమే ఉన్నాయి: నడుములో రెండో పూసకు ఇరుపక్కల షెన్‌షు, మోకాలి కింద జుసాన్లీ, చీలమండ లోపలి పక్క తైషీ. కాబట్టి ఆయన తన శాస్త్రం చెప్పినట్టే చేస్తున్నారు, మోసగాడని నేను అనను. మీ క్రియాటినిన్ మామూలుగా ఉందంటే మీ మూత్రపిండాలు పని చేస్తున్నట్టే, ఆ దిగులు వదిలేయండి. మీవారి ఎగతాళికి కూడా ఒక జవాబు ఉంది. 1938లో చైనాకు వెళ్లిన మన వైద్య బృందంలో డాక్టర్ కోట్నిస్‌తో పాటు ఉన్న డాక్టర్ బిజయ్ కుమార్ బసు, తర్వాతి కాలంలో ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి కలకత్తాలో ప్రాక్టీసు పెట్టారు. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ దీన్ని ఒక స్వతంత్ర వైద్య విధానంగా గుర్తించింది. అయితే గుర్తింపు వేరు, ప్రతి జబ్బుకూ పనిచేస్తుందనడం వేరు.

ఆ వైద్యుడు హద్దు దాటింది రెండు చోట్ల. ఒకటి, తాను రాయని మందును మానేయమనడం. రెండోది, నన్ను నిజంగా కలవరపెట్టినది, ఆ పేరులేని పొడి. చైనా వైద్యంలో ఎముకలకు వాడే మూలికల్లో ఎపిమీడియం, డ్రైనేరియా, యూకోమియా, సోరాలియా ముఖ్యమైనవి. వీటిలో సోరాలియా అంటే మనకు కొత్తదేమీ కాదు, బొల్లి మచ్చలకు మన ఆయుర్వేదంలో వాడే బావంచాలే. ఎపిమీడియం నుంచి తీసిన పదార్థాలను రెండేళ్లపాటు ఇచ్చి చూసిన ఒక పరీక్ష 2007లో వచ్చింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో ఎముక సాంద్రత తగ్గుతుంటే, ఇది తీసుకున్నవారిలో నిలబడింది. ఆసక్తికరమైన ఫలితమే, కానీ కొలిచి, శుద్ధి చేసి ఇచ్చిన మోతాదు అది, పొట్లంలోని పొడి కాదు. ఇక రెండో వైపు చూడండి. ఎపిమీడియం, సోరాలియా వగైరాలు కలిపి ఎముకల కోసం తయారుచేసే షియాన్‌లింగ్ గుబావో అనే మందు కాలేయాన్ని దెబ్బతీస్తోందని చైనా ఔషధ నియంత్రణ సంస్థే 2016లో హెచ్చరిక జారీ చేసింది. కన్నదేశమే జాగ్రత్త చెప్పిన మూలికలను పేరు, మోతాదు, తయారీదారు ఏదీ రాయకుండా పొట్లం కట్టి ఇస్తే ఎలా తాగుతాం?

అంతకన్నా పాడు అవకాశం ఇంకొకటి ఉంది. నొప్పులకు చీటీ లేకుండా ఇచ్చే పొడుల్లో, అది ఏ దేశపు వైద్యం పేరుతోనైనా సరే, స్టెరాయిడ్లు కలిపి ఇవ్వడం మన చుట్టుపక్కల కొత్త కాదు. స్టెరాయిడ్ నొప్పిని ఇట్టే తగ్గిస్తుంది, ఒంటికి హుషారు ఇస్తుంది, అదే సమయంలో ఎముకను ఇంకా వేగంగా గుల్ల చేస్తుంది. మీ పొట్లంలో అది ఉందని నేను అనడం లేదు, లేదని చెప్పే కాగితం కూడా మీ దగ్గర లేదు. అందుకని ఆ పొట్లాలను ఒకటి రెండు రోజుల్లోనే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లి చూపించండి, కాలేయ పరీక్ష చేయించమని అడగండి. నెల రోజులుగా తాగుతున్నారు కాబట్టి, ఒకవేళ స్టెరాయిడ్ ఉండి ఉంటే ఉన్నట్టుండి మానినప్పుడు విపరీతమైన నీరసం, కళ్లు తిరగడం, వాంతులు రావచ్చు. అలా అనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. మూలికలు కావాలని మనసు లాగితే మన నల్లేరు పచ్చడి తినండి, దాని వల్ల ఎముక గట్టిపడుతుందని నేను హామీ ఇవ్వను కానీ అందులో ఏమేం వేశారో మీకు తెలుసు.

ఇప్పుడు మీరు మానేసిన మాత్ర. మీ గుండెల్లో మంటకు కారణం చాలావరకు మీ వాక్యంలోనే దొరికింది. అలెండ్రోనేట్‌ను పరగడుపున నిండు గ్లాసు మామూలు మంచినీళ్లతో మింగాలి, కాఫీతోనో పాలతోనో కాదు. తర్వాత కనీసం అరగంట నిటారుగా కూర్చోవాలి లేదా నడవాలి, పడుకోకూడదు, ఏమీ తినకూడదు. పడుకుంటే మాత్ర అన్నవాహికకు అంటుకుని అక్కడే పుండు చేస్తుంది. ఈ సంగతి మీకు చెప్పాల్సిన బాధ్యత రాసినవారిది, మందుల షాపువారిది, మీ తప్పేమీ లేదు. ఇంతకుముందే వెన్నుపూస విరిగిన స్త్రీల మీద జరిగి 1996లో ప్రచురితమైన పెద్ద పరీక్షలో, మూడేళ్లలో తుంటి విరగడాన్నీ కొత్తగా పూసలు నలగడాన్నీ ఈ మందు దాదాపు సగానికి తగ్గించింది. తుంటి విరిగిన వృద్ధుల్లో సుమారు ఐదుగురిలో ఒకరు ఏడాదిలోపే చనిపోతారన్నది ప్రపంచమంతా కనిపించే లెక్క, మీ ఇంట్లో మీరు చూసినదే.

దవడ భయం పూర్తిగా కల్పన కాదు, కానీ దాని పరిమాణం ఆ వీడియోలో చెప్పి ఉండరు. ఎముకల క్షీణతకు ఇచ్చే మోతాదుల్లో అది ఏడాదికి పదివేల మందిలో ఒకరికో, అంతకన్నా తక్కువమందికో వచ్చే సమస్య. ఎక్కువగా కనిపించేది క్యాన్సర్ రోగులకు పెద్ద మోతాదులో ఇంజెక్షన్లు ఇచ్చినప్పుడు. పీకించాల్సిన పళ్లేమైనా ఉంటే మందుకు ముందే పీకించుకోవడం మంచిది. ఇంకో అరుదైన ప్రమాదం తొడ ఎముక అసాధారణంగా విరగడం. ఏళ్ల తరబడి వాడినవారిలో, ముఖ్యంగా ఆసియా స్త్రీలలో, ఇది మిగిలినవారికన్నా కాస్త ఎక్కువ. అందుకే ఐదేళ్ల తర్వాత ఈ మాత్రను కొనసాగించాలా, కొంతకాలం ఆపాలా అని డాక్టరు మళ్లీ లెక్క చూస్తారు. వాడుతున్నప్పుడు తొడలోనో గజ్జల్లోనో కారణం లేని నొప్పి వస్తే వెంటనే చెప్పాలి.

మీ ముందున్న దారుల్లో మొదటిది, ఇదే మాత్రను సరైన పద్ధతిలో మళ్లీ మొదలుపెట్టడం, నొప్పికి సూదులు కొనసాగించడం. రెండూ కలిపి చేయించుకోవడంలో ఇబ్బంది లేదు. ఖర్చు తక్కువ, కానీ వారం వారం క్రమం తప్పకూడదు. కడుపు తట్టుకోకపోతే ఏడాదికొకసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఉంది. మొదటిసారి ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు, ముందుగా విటమిన్ డి సరిపడా ఉందో లేదో, మూత్రపిండాలు బాగున్నాయో లేదో చూడాలి. మీ స్వభావానికి, ఇంట్లో రోజూ జరిగే వాదనలకు, నాకైతే ఇదే సరిపోతుందనిపిస్తోంది: ఏడాదికి ఒక్కరోజు పని, ఆ తర్వాత దాని మీద చర్చ ఉండదు. ఆరు నెలలకొకసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ గురించి కూడా చెబుతారు. అది బాగా పనిచేస్తుంది, కానీ మధ్యలో మానేస్తే లాభం వేగంగా జారిపోయి ఒకేసారి రెండు మూడు పూసలు విరిగే ప్రమాదం ఉంది, అందువల్ల ఒకసారి మొదలుపెడితే వేరే మందు అందుకునేదాకా వదలకూడదు. ఒకసారి భయపడి మందు మానేసిన మనిషి ఈ దారిలోకి ఆలోచించి దిగాలి. ఆవిర్లు మళ్లీ ఎక్కువై నిద్ర పోనివ్వకపోతే హార్మోన్ చికిత్స గురించి గైనకాలజిస్టును అడగవచ్చు. మీకు 60 దాటలేదు, ముట్లు ఆగి పదేళ్లు కాలేదు కాబట్టి ఆ తలుపు ఇంకా మూసుకోలేదు. తుంటి విరగడాన్ని అది సుమారు మూడో వంతు తగ్గిస్తుందని 2002లో అమెరికా పరీక్ష చూపించింది, అదే పరీక్ష రొమ్ము క్యాన్సర్, పక్షవాతం ముప్పు కొద్దిగా పెరుగుతుందని కూడా చూపించింది. ఎక్స్‌రేలో పూసలు నలిగి ఉంటే ఎముకను కొత్తగా కట్టించే టెరిపారటైడ్ ఇంజెక్షన్ల మాట వస్తుంది.

మందులేవీ వద్దు, సూదులూ తిండితోనే ఉంటాను అన్నది కూడా ఒక దారే, దాన్ని ఎంచుకునే హక్కు మీకుంది. అయితే మైనస్ 2.7 స్కోరు, తుంటి విరిగిన తల్లి, తగ్గిన ఎత్తు మూడూ కలిసినచోట అది పెద్ద జూదం. అదే నిర్ణయించుకుంటే కనీసం ఎక్స్‌రే తీయించుకుని, ఏడాదికి, మొదట స్కాన్ తీసిన చోటే అదే యంత్రం మీద డెక్సా మళ్లీ చేయించుకుని, తగ్గితే మందు మొదలుపెడతానని డాక్టరుకు ముందే మాటివ్వండి.

థైరాయిడ్ మాత్ర గురించి మీరు ఒక్క ముక్కే రాశారు కానీ అదీ ఈ కథలో ఉంది. మోతాదు అవసరానికి మించితే అది కూడా ఎముకను కరిగిస్తుంది, కాబట్టి ఆ మోతాదు సరిపోయిందో లేదో చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించి ఏడాది దాటితే మళ్లీ చేయించండి. దాంతో పాటు కాల్షియం, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్షలు కూడా అడగండి, ఎముక కరగడానికి వేరే కారణమేమైనా ఉంటే బయటపడుతుంది. కాల్షియం మాత్రకూ థైరాయిడ్ మాత్రకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ముట్లు ఆగిన స్త్రీలకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలంటుంది. అర లీటరు పాలు, పెరుగుల్లో 600 దాకా వస్తుంది, పూటకు 50 గ్రాముల రాగిపిండితో చేసిన సంకటో జావో 180 దాకా ఇస్తుంది. తోటకూర, మునగాకు, అన్నంలోకి నువ్వుల పొడి కలిస్తే మిగిలినదానికి ఒక చిన్న మాత్ర చాలు. పాలకూరను ఈ లెక్కలో వేసుకోకండి, అందులోని కాల్షియం ఒంటికి పట్టదు. వారానికొకటి వేసుకునే 60,000 యూనిట్ల విటమిన్ డి ఎన్ని వారాలో చీటీలో చూసుకోండి, చాలామంది ఎనిమిది వారాలకు రాసినదాన్ని ఏళ్ల తరబడి మింగుతుంటారు, అది ప్రమాదం.

చైనా సంప్రదాయం నుంచి ఏదైనా ఒక్కటి మీ ఎముకల కోసం తెచ్చుకోవాలంటే నేను సూదిని కాదు, తాయ్‌చీని ఎంచుకుంటాను. నెమ్మదిగా బరువును ఒక కాలి మీద నుంచి మరో కాలి మీదకు మార్చే ఆ కసరత్తు వృద్ధులు పడిపోవడాన్ని తగ్గిస్తుందని మంచి ఆధారాలున్నాయి. దగ్గరలో నేర్పేవారు లేకపోతే గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవడం, మడమలు ఎత్తి దించడం రోజూ చేయండి. ఉత్త నడక ఒక్కటే సరిపోదు. తడి గ్రానైట్ మీద రబ్బరు పట్టా, బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ ఈ నెలలోనే పెట్టించండి.

మీ వదినగారి సంగతి. ఆవిడ 18 వేలు కట్టింది ప్రేమతోనే, మీ నొప్పి తగ్గడం ఆవిడ చూశారు కూడా. అందువల్ల మానేస్తున్నానని చెప్పాల్సిన అవసరమే లేదు. "వదినా, మీరు తీసుకెళ్లబట్టే నా నడుము కుదుటపడింది, మిగతా సిట్టింగులు నొప్పి కోసం పూర్తి చేస్తాను, ఎముకకు మాత్రం డాక్టరు మందు వాడుతున్నాను, ఆ పొడి డాక్టరు వద్దన్నారు" అని నేరుగా చెప్పండి. ఈ మాట మీవారి చేత చెప్పించకండి, ఆయన ఎలాగూ చెప్పరు. ఆ కేంద్రంలో వైద్యుడి చదువేమిటో, ప్రతిసారీ ప్యాకెట్టు విప్పి కొత్త సూదులు వాడుతున్నారో లేదో ఆవిడ ఎదుటే అడగండి. ప్రకృతి వైద్యంలో బీఎన్‌వైఎస్ డిగ్రీ ఉన్నవారైతే ఆక్యుపంక్చర్ వారి చదువులో భాగం. రక్తం పలచబడే మందులు మీలో ఎవరు వాడుతున్నా అది కూడా ఆయనకు చెప్పాలి. వదినగారికి డెక్సా జరిగిందో లేదో మీ ఉత్తరంలో లేదు. అపార్టుమెంటు క్యాంపుల్లో మడమకు పెట్టే ఉచిత పరీక్షతో సరిపెట్టుకుని ఉంటే అది లెక్కలోకి రాదు. మీకన్నా పెద్దవారు కాబట్టి, ఎక్స్‌రేకు వెళ్లే రోజున ఆవిడను కూడా వెంట తీసుకువెళ్లి ఆ స్కాన్ చేయించండి, ఆ డబ్బు ఈసారి మీరు కట్టండి.